పళ్లు కట్టే ఆంటీ చేసిన కొమ్ము పీక

పోయిన వారం, మేముండే ఈ పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. పై పన్నొకటి అరిగిపోతే దాని మీద కొత్త తొడుగు వేశారు. వేసిన చైనీస్ డాక్టరమ్మ గ్లవ్స్ తీసేస్తూ "సిక్స్టీ సిక్స్ అనండి" అంది. కొత్త పన్ను మాటకు అడ్డమొస్తోందో లేదో చూడ్డానికి డాక్టర్లు అనిపించే మాట అది. నేను మాత్రం "సంతలో సీతాఫలం దొరికిందా?" అన్నాను. కావాలని అనలేదు, నోట్లోంచి అదే వచ్చింది. డాక్టరమ్మ మర్యాదగా నవ్వి, సిక్స్టీ సిక్స్ కూడా అనేదాకా నన్ను కుర్చీ దిగనివ్వలేదు.

సీతాఫలం మాట నాకు నేర్పిన మనిషి పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడే ఎదురుగా ఉంటే "దొరికింది, రెండు తెచ్చా" అని ఉండేవారు. జవాబు చెప్పకుండా ఎవరినీ పంపేవారు కాదు.

ఆవిడ పళ్లు కట్టే మనిషి. పళ్లు కట్టేది డాక్టరే అనుకుంటాం గానీ, డాక్టరు నోట్లో అచ్చు తీసి ల్యాబుకు పంపిస్తాడు. అక్కడ మైనం, పళ్లు పోత పోసే రెజిన్, ఆకురాయి ముందేసుకుని కూర్చుని ఒక్కో పన్నూ అమర్చే వాళ్లు వేరే ఉంటారు. ఈ ఊళ్లో ఎందరు ముసలివాళ్లు ఆవిడ చేతిపనితో అన్నం తింటున్నారో లెక్క లేదు. వాళ్లలో ఒక్కరికీ ఆవిడ మొహం తెలియదు. దానికి ఆవిడ బాధపడగా నేనైతే చూడలేదు.

నాకు పరిచయమైంది మా అత్తగారి పుణ్యమాని. ఆవిడ మూడు నెలలుండి పోదామని వచ్చి, వచ్చిన నాలుగో రోజునే చెగోడీ కొరికి కట్టుడు పళ్ల పై సెట్టును రెండు ముక్కలు చేసుకున్నారు. ఇక ఆ పూట నుంచీ పెరుగన్నమే. మొహానికి చెంగు అడ్డం పెట్టుకుని తప్ప మాట్లాడలేదు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఒక నంబరు పంపారు. పేరు లేదు, 'పళ్ల ఆంటీ' అని ఉంది. నా ఫోన్లో ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది, తీసెయ్యాలంటే చెయ్యి రావడం లేదు.

ల్యాబు ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. కింద కార్లు బాగుచేసే షాపు, పక్కనే బిస్కెట్లు ప్యాక్ చేసేవాళ్లు. ఆ వరండాలో నడుస్తుంటే ఇంజనాయిల్, వెన్న, రెజిన్ మూడూ కలిసి ముక్కుకు తగిలేవి. కిటికీ దగ్గర బల్ల ముందు ఆవిడ. అరవై దాటిన మనిషి, నేత చీర, దాని మీద తెల్ల కోటు. చిగుళ్లకు వాడే గులాబీ రంగు పొడి తల మీదా కనుబొమ్మల మీదా పడి ఉంది. నేను నమస్కారం పెడితే ఆవిడ నా కళ్లలోకి చూడలేదు, నా నోరు చూశారు.

"కింద వరసలో ఒక పన్ను పీకించావు, చిన్నప్పుడే. ఎవడు పీకాడో గానీ పీకాల్సిన పని లేదు" అన్నారు. మా ఇద్దరి మధ్య మొదటి మాట అదీ.

గంటన్నరలో సెట్టు అతికి వచ్చింది. మా అత్తగారి నోట్లో పెట్టి, "వదినగారూ, సంతలో సీతాఫలం దొరికిందా అనండి" అన్నారు.

"ఇది సీతాఫలాల కాలం కాదుగా" అన్నారు మా అత్తగారు చెంగు చాటు నుంచి.

"కాలంతో మనకేం పని. అనండి."

మా అత్తగారు అన్నారు. ఆంటీ ఆవిడ పెదాల వంకే చూస్తూ, సెట్టు బయటికి తీసి, ఆకురాయితో రెండు గీతలు గీసి, మళ్లీ పెట్టి మళ్లీ అనిపించారు. నాలుగోసారికి "దొరికింది, రెండు తెచ్చా" అని తల ఊపారు. ఆ తర్వాత నాకు విడమరిచి చెప్పారు. "స అనాలంటే పళ్ల మధ్య సందుండాలి. త అంటే నాలిక పోయి పంటి వెనక తగలాలి. ఫకి కింది పెదవి పై పంటికి ఆనాలి. మూడూ ఒక్క మాటలో వచ్చేస్తాయి. ఈళ్లేమో సిక్స్టీ సిక్స్ అంటారు. దాంట్లో త ఏది? త లేకుండా పళ్లు పరీక్ష చెయ్యటమేంది?"

అంత నిక్కచ్చి మనిషి. మేం వచ్చేసేటప్పుడు మా అత్తగారితో "ఇంక ఆ పళ్లనీ నన్నూ మర్చిపోండి" అన్నారు. మా అత్తగారు ఊరెళ్లాక కూడా నెలకోసారి ఫోన్లో "ఆ పళ్లావిడ బాగుందా?" అని అడుగుతూనే ఉన్నారు.

నేనూ మర్చిపోలేదు. శనివారాలు మధ్యాహ్నం ఇద్దరం కలిసి హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి కొట్లన్నీ ఒక్క కప్పు కింద ఉండే చోట, భోంచేసే అలవాటైంది. వాళ్లాయన జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టు పని, శనివారం కూడా ఇంట్లో ఉండేవాడు కాదు. హాకర్ సెంటర్లో అందరూ ఫ్యాను కింద చోటు చూసుకుంటారు. ఆంటీ మాత్రం ముసలాళ్లు ఎక్కువగా కూర్చున్న వైపు చూసి, వాళ్లకు ఎదురుగా ఉన్న బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసేవారు, చోటు ఆపుకోవడాన్ని ఇక్కడ అలాగే అంటారు. ఇక తినడం తక్కువ, చూడ్డం ఎక్కువ. "ఆ చారల చొక్కా ఆయన చూడు, పై వరసంతా నా పనే. ఆ కోరపన్ను కొంచెం తిప్పి పెట్టింది నేనే, మరీ వరసగా ఉంటే కట్టుడు పళ్లని తెలిసిపోయిద్ది. అయ్యో, ఒక్క పక్కనే నములుతున్నాడేంది?" ఒకసారి పక్క బల్లాయన ఎవరో వేయించిన వేరుశెనగలు పటపటా నములుతుంటే, తన సొంత బిడ్డ క్లాసులో ఫస్టు వచ్చినంత సంబరపడ్డారు. ఆయన తేరిపార చూసి, మొహమాటపడి, బల్ల మార్చుకుని వెళ్లిపోయాడు.

చేతిసంచీలో ఒక పళ్లసెట్టు డబ్బా ఉండేది. అందులో సోపు గింజలు పోసుకునేవారు. భోజనమయ్యాక మూత తీసి అందరి ముందూ పెట్టేవారు. ఎవరూ తీసుకునేవాళ్లు కాదు. "కొత్త డబ్బానే" అని ప్రతిసారీ చెప్పేవారు, వేరే డబ్బాలోకి మార్చుకోవాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

ఆవిడకు పట్టనిదల్లా సంగీతం. "నాకెక్కదమ్మా" అని తేల్చేసేవారు. నాకేమో అప్పటికే ఒక పిచ్చి పట్టి ఉంది. శనివారం భోజనమవగానే నేను పరుగెత్తేది దాని కోసమే.

తంజోంగ్ పగార్‌లో నేను పనిచేసే బ్యాంకుకు నాలుగు వీధుల అవతల ఒక చిన్న చర్చి. ఒకరోజు లంచ్ టైములో ఎండకు తాళలేక లోపలికి వెళ్లాను, ఏసీ కోసం. అక్కడొక పెద్దాయన నల్లటి వంకర కొమ్ము లాంటిదాన్ని మూతికి ఒక పక్కగా పెట్టుకుని ఊదుతున్నారు. దాన్ని కార్నెట్ అంటారట. మన పెళ్లి బ్యాండుల్లో కనిపించే ఇత్తడి కార్నెట్ కాదు. నాలుగైదు వందల ఏళ్ల కిందట యూరప్‌లో వాయించేవారు, తర్వాత వయొలిన్ వచ్చి దీన్ని మూలకు నెట్టేసింది. కర్రతో చేసి పైన నల్ల తోలు చుడతారు. పిల్లనగ్రోవికి ఉన్నట్టే వేళ్లకు చిల్లులుంటాయి. ఊదడం మాత్రం పిల్లనగ్రోవిలా కాదు. సన్నాయికి పీక ఉన్నట్టు దీని చివర రేగుపండంత పీక ఉంటుంది, చిన్న గిన్నెలా తొలిచి. దానికి పెదవులు ఆనించి ఆ పెదవుల్నే అదిరించాలి. ఆ పెద్దాయన రిటైరైన మ్యూజిక్ టీచరు, ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆయన. నేను మాస్టారూ అనే పిలుస్తాను, ఆ మాటకు అర్థం చెబితే ఆయనకు నచ్చింది. ఐదుగురు పాడేవాళ్లు, ఒక వయొలిన్, ఒక చిన్న ఆర్గన్, ఈయనా కలిసి ఒక బృందం. వాళ్ల వెనకాల చేరిన ఏకైక శిష్యురాలిని నేను. మూడేళ్లు నేర్చుకున్నాక మా ఆయన విని, "ఆవు తప్పిపోయినట్టుంది" అన్నాడు. అబద్ధమని అనలేను.

నా పీక ప్లాస్టిక్‌ది, కొమ్ముతో పాటు వచ్చిన నాసిరకం. ఒక శనివారం మాస్టారు జాలిపడి తన పీక ఊడదీసి ఇచ్చారు. "వారం రోజులు ఉంచుకో. ఎవరైనా దీనికి నకలు చేస్తారేమో చూడు. నేను పాతవాటితో ఎలాగో నెట్టుకొస్తాను" అన్నారు. జంతువు కొమ్ముతో చేసినది, ముప్పై ఏళ్లకు పైగా ఆయన వాయించినది, టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. దాన్ని చేతిరుమాలులో చుట్టుకుని నేను తిన్నగా ఆంటీ దగ్గరికి వెళ్లాను. నోట్లో పెట్టుకునేది ఏదైనా ఆవిడ చెయ్యగలరని నా నమ్మకం.

ఆంటీ అరచేతిలో పెట్టుకుని, దీపం కింద తిప్పి, వాసన చూశారు. "అమ్మాయ్, దీన్ని ఎప్పుడన్నా కడిగారా?" అన్నారు. నేను నవ్వేసి వచ్చేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. ఆ మాట విన్నప్పుడే ఆగి, "ఏమీ చెయ్యొద్దు ఆంటీ, ఉన్నదున్నట్టు నకలు తియ్యండి" అని ఉండాల్సింది.

నాలుగు రోజులకు రెండు పీకలు చేతికి వచ్చాయి. ఒకటి నకలు, చిగుళ్ల గులాబీ రంగులో ఉంది, చూడగానే ఎవరి నోట్లోంచో ఊడిపడినట్టు. రెండోది మాస్టారిది. తేనె రంగులో, అద్దంలా మెరుస్తోంది. ముప్పై ఏళ్ల మురికి ఎక్కడికి పోయిందో. నేను మురిసిపోయాను కూడా.

శనివారం మాస్టారు దాన్ని కొమ్ముకు తగిలించి మూతికి పెట్టుకుని ఊదారు. ముందు గాలి వచ్చింది, గాలి వెనకాల స్వరం వచ్చింది. మళ్లీ ఊదారు. పై స్వరం పగిలింది. పీక తీసి, వేలి కొనతో దాని అంచు చుట్టూ తడిమారు. చాలాసేపు తడిమారు.

"వెరీ స్మూత్" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది.

జరిగింది ఇదీ. ఆ పీక లోపలి అంచు పదునుగా ఉండాలి. ఆ పదును మీదే పెదవి అదిరి స్వరం కోసినట్టు స్పష్టంగా వస్తుంది. పళ్లు కట్టే పనిలో పదునంత నేరం ఇంకోటి లేదు, అంచు కోసుకుని చిగురు పుండవుతుంది. ఆంటీ జన్మంతా చేసింది అంచులు నున్నగా రుద్దడమే. పైగా ఆ పనిలో ఒక నియమం ఉంది. పాత సెట్టు ఏది వచ్చినా ముందు శుభ్రం చెయ్యాలి, ఆ తర్వాతే అచ్చు తియ్యాలి. ఆవిడ నియమం తప్పలేదు. ముందు రాతిపొడితో, తర్వాత గుడ్డచక్రంతో మెరిసేదాకా రుద్ది, అప్పుడు అచ్చు తీశారు. అంటే అచ్చులోనూ ఆ పదును లేదు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

మూడు నెలల్లో కచేరీ ఉంది. "ముప్పై ఏళ్లు పట్టింది ఆ పీకకు నా పెదవి అలవాటు పడ్డానికి. ఇంకో ముప్పై ఏళ్లు నా దగ్గర లేవు. నా భాగం వయొలిన్‌కి ఇచ్చేద్దాం" అన్నారు మాస్టారు, పుస్తకంలో కాగితాలు సర్దుకుంటూ. నవ్వుతూనే అన్నారు. వయొలిన్ వాయించే కుర్రది మాత్రం తలెత్తలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి ఆ కొమ్మును ఒకసారి పెట్టెలో పెట్టేస్తే ఇక తియ్యరని మాకందరికీ తెలుసు.

ఆంటీకి ఫోన్లో చెప్పాను. అవతల ఆకురాయి చప్పుడు ఆగింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది" అన్నారు.

"మీకు చెప్పకపోవడం నా తప్పు ఆంటీ. నేనే ఎక్కడో కింద పడేశానని చెప్తాను ఆయనకు."

"తప్పు చేసింది నేను, చెప్పుకునేది నువ్వా?" అని పెట్టేశారు.

తర్వాతి శనివారం రిహార్సల్ మధ్యలో చర్చి తలుపు తోసుకుని వచ్చారు. కోటు లేదు, మంచి చీర కట్టుకున్నారు, చేతిలో పనిముట్ల పెట్టె. పై స్థాయిలో పాడే మా సోప్రానో అమ్మాయి ఎవరి పేరంటమో అనుకుని దారిచ్చింది. ఆంటీ సూటిగా మాస్టారి ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"సార్, మిస్టేక్ మైన్. నాట్ హర్స్."

మాస్టారు కంగారుగా లేచి, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా అన్నారు, "నెవర్ మైండ్ లా, మేడమ్."

"నో సార్. ఐ మైండ్. ఓపెన్ యువర్ మౌత్."

ఆయన నోరు తెరిచారు. ఆంటీ చిన్న టార్చి వేసి లోపల చూశారు, పెదవి పట్టుకుని మడిచి చూశారు, పై పన్ను ఒకటి వేలితో కదిపి చూశారు. పాడేవాళ్లు ఐదుగురూ చుట్టూ మూగారు. కుడి పక్కన, రెండు పెదాలూ కలిసే చోటుకు కొంచెం ఇవతల, కాయ కాసినట్టు ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంది. ముప్పై ఏళ్లు ఒక్కచోటే పీక ఆని ఆని పడింది.

"పోయింది పోయిందని ఏడుస్తన్నావు. ఎక్కడికి పోయింది? ఇదిగో, ఇక్కడే ఉందిగా" అన్నారు నా వైపు తిరిగి.

గిన్నెలో పొడి, నీళ్లు కలిపి ముద్ద చేసి ఆయన పెదవి మీద మెత్తారు. పుదీనా వాసన. చర్చిలో యేసుప్రభువు పటం కింద, డెబ్బై రెండేళ్ల పెద్దమనిషి మూతికి గులాబీ ముద్ద అంటించుకుని, కదలకుండా, మూడు నిమిషాలు కూర్చున్నారు. అచ్చు ఊడదీశాక దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని, వచ్చినంత గబగబా వెళ్లిపోయారు ఆంటీ.

ఇక అక్కణ్నుంచీ ప్రతి సోమవారం సాయంత్రం మాస్టారు ల్యాబుకు వెళ్లేవారు. మధ్యలో మాట అందించడానికి నేనూ ఆఫీసు నుంచి వెళ్లేదాన్ని. పళ్లకు వాడే గట్టి తెల్ల రెజిన్‌తో ఆవిడ పీకలు చేసేవారు. మొదటి సోమవారం మాస్టారు నాలుగు స్వరాలు ఊది, ఎలా ఉందో ఆవిడకు వివరించబోయారు. "నాకు ఆ సరిగమలు చెప్పొద్దను" అన్నారు ఆంటీ. "నాకు పాట తెలవదు. మాటైతే తెలిసిద్ది."

ఇది చెబితే మాస్టారి మొహం వెలిగింది. కార్నెట్ ఊదేవాళ్లు ఉత్తినే ఊదరట. లోపల నాలుకతో తె, రె, లె అని పలుకుతూ ఊదుతారట, పాత పుస్తకాల్లో ఏ స్వరానికి ఏ అక్షరమో కూడా రాసి ఉంటుందట. నేను మూడేళ్లుగా నేర్చుకుంటున్నదీ అదే, కానీ ఈవిడకు చెప్పాలని నాకే తట్టలేదు.

"మాట పలికే వస్తువా ఇది? ఈ ముక్క మొదటి రోజే చెప్పొద్దా" అన్నారు ఆంటీ కోపంగా, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

పాపం మాస్టారు అప్పుడు మొత్తం సీతాఫలం మాట నేర్చుకున్నారు. నోటితో అనమంటే "సంటలో సీటాపలం" అనేవారు. కొమ్ములో ఊదమంటే మాత్రం త చక్కగా వినబడేది, అంటే పీక బాగున్న రోజున. బాగోని రోజే ఎక్కువ. ఆంటీ కళ్లు ఆయన మూతి మీద, చెవి కొమ్ము మీద. "త నానిన అటుకుల్లాగా ఉంది." ఒక గీత గీసేవారు. "ఇప్పుడు మరీ మేకులాగా ఉంది." ఆ పీక పక్కన పడేసి ఇంకోటి. పనికిరాని పీకలు బిస్కెట్ డబ్బాలో పడుతుండేవి. ల్యాబులో మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లేటప్పుడు మా ముగ్గురినీ వింతగా చూసి వెళ్లేవారు. మాస్టారు పెదవి వాచిపోయేది. ఆంటీ ఐసు ముక్క ఇచ్చి పెట్టుకోమనేవారు. వాళ్లిద్దరి మధ్యా నాలుగు మాటల ఇంగ్లీషు తప్ప లేదు, నా అవసరం రాను రాను తగ్గిపోయింది.

కచేరీ ఇంకో రెండు వారాలుందనగా ఒక సోమవారం మాస్టారు కొమ్మును ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. "మేడమ్, ఎనఫ్ లా. వయొలిన్ ఆల్సో నైస్" అన్నారు.

ఆంటీ ఆ పెదవి అచ్చులో పోసిన పచ్చటి ప్లాస్టర్ దిమ్మను తీసి దీపం కింద పెట్టుకుని చూస్తున్నారు. అప్పటికి దాన్ని ఎన్నిసార్లు చూశారో. ఉన్నట్టుండి మాస్టారి పై పెదవి ఎత్తి, ఆ పన్నునే మళ్లీ కదిపారు. అది కొంచెం వంకర పన్ను.

"అమ్మాయ్, నేనెంత మొద్దుని" అన్నారు. "అంచు చుట్టూరా సమానంగా చేస్తన్నా. ఈయన పన్ను వంకర. దాని మీద పడిన పక్క పాత పీక అంచు అరిగి, రెండో పక్క నిలిచి ఉంటది. ఒక పక్కే నమిలేవాళ్ల పళ్లు ఒక పక్కే అరుగుతాయి, ఆళ్లకి సమానంగా చేసిస్తే నోట్లో పట్టవు. పాతికేళ్లుగా అందరికీ చెప్పే మాట, నాకే గుర్తు రాలా."

అప్పటికప్పుడు ఒక పీక అంచు ఒక పక్కగా గీశారు. చూడ్డానికి చెడిపోయిన వస్తువులా ఉంది. మాస్టారు ఊదారు. ఆపి, పెదవి రుద్దుకుని, మళ్లీ ఊదారు. ఆయన మొహంలో మాకేమీ తెలియలేదు. "ఇంటికి తీసుకెళ్లి చూస్తాను. వాయిస్తానో లేదో ఆ రోజే తేల్చుకుంటాను" అన్నారు. ఆంటీ పళ్లసెట్టు డబ్బాలో దూది పరిచి అందులో పెట్టి ఇచ్చారు. ఆయన వెళ్లాక, "ఈ ఒక్క పనీ చేతికి రాకపోతే నేను ఈ కోటు తీసేస్తా" అన్నారు. ఆవిడ గొంతు అలా వినడం నాకదే మొదలు. నిజంగానే తీసేస్తారని నాకు భయం వేసింది.

ఆ రెండు వారాలూ మాస్టారి దగ్గర నుంచి ఏ కబురూ రాలేదు. రిహార్సల్లో అడుగుదామంటే ఆయన నన్ను బయటికి పంపి పాడేవాళ్లతో విడిగా కూర్చున్నారు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. నా స్థాయికి వేదిక ఇంకా దూరం కాబట్టి నేను ఆంటీతో పాటు వెనక వరసలో కూర్చున్నాను. ముందు పాడేవాళ్లు ఐదుగురు, వాళ్ల వెనక కుర్చీలో మాస్టారు. స్టాండు మీద పుస్తకం అడ్డంగా ఉండి ఆయన నుదురు తప్ప ఏమీ కనబడటం లేదు. పక్కనే వయొలిన్ కుర్రది కూర్చుని ఉంది. మాస్టారి భాగం వాయించడానికే కూర్చుందేమో అనుకున్నాను. మొదటి పాట గొంతులతోనే అయిపోయింది. రెండోదానికి సోప్రానో అమ్మాయి ఒక్కతే ముందుకొచ్చింది.

ఆమె ఒక వాక్యం పాడేది. అదే వాక్యం మళ్లీ వచ్చేది. వరసగా అలా నాలుగైదు సార్లు జరిగింది. ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. ఆకురాయి పట్టి పట్టి మొద్దుబారిన వేళ్లు, గట్టిగా బిగుసుకున్నాయి.

"ఆయన వాయించట్లా" అన్నారు నా చెవిలో. "కొమ్ము చప్పుడు ఒక్కటి కూడా లేదు. పాడేవాళ్లే పాడుతున్నారు. నా వల్లేనమ్మా. నా చేతులతో నేనే పాడుచేశా."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇన్ని సోమవారాలూ ఆవిడ విన్నది ముక్కలు ముక్కలుగా ఊదిన స్వరాలు. నిండుగా వాయిస్తే ఆ వాద్యం ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కసారీ వినలేదు. అది మనిషి గొంతులా ఉంటుందని, అందుకే ఆ కాలంలో దాన్ని పాడేవాళ్ల మధ్యలో కూర్చోబెట్టేవారని, అంత సన్నిహితంగా ఉండి కూడా, బుద్ధి లేకుండా, నేను చెప్పనేలేదు.

"ఆంటీ, ఆ అమ్మాయి నోరు చూడండి" అన్నాను.

ఆవిడ చూశారు. ఆ అమ్మాయి పాడ్డం ఆపేసి, పెదాలు మూసుకుని, పుస్తకంలో కాగితం తిప్పుతోంది. గొంతు మాత్రం ఆగలేదు, పైకి వెళుతోంది, ఇంకా పైకి వెళ్లి అక్కడ సన్నగా నిలబడింది.

"మరి పాడేదెవరు?" అన్నారు ఆంటీ.

"మాస్టారే" అన్నాను.

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. పాట అయిపోయి హాలంతా లేచి నిలబడినప్పుడు కూడా అలాగే పట్టుకుని ఉన్నారు. అందుకని ఆ రోజు మేమిద్దరం చప్పట్లు కొట్టలేదు.